రెండు వరసల మధ్య



2020వ సంవత్సరం ఆగస్టు నెలలో మన కర్ణాటకలో 'విద్యాగమ' అనే ఏర్పాటు మొదలైంది. మీలో చాలామందికి జ్ఞాపకం ఉండే ఉంటుంది. కరోనా వల్ల బడులు మూతపడ్డాయి. పల్లె పిల్లలందరి చేతుల్లో ఫోన్లు లేవు. పిల్లలు బడికి రాలేకపోతే అయ్యవార్లే పిల్లల దగ్గరికి పోవాలన్నారు. గుడి అరుగు, చింతచెట్టు నీడ, పంచాయతీ కట్ట, ఎక్కడ చోటుంటే అక్కడ చాప పరిచి పాఠాలు చెప్పాం. నేను మా మురుగమల్ల చుట్టుపక్కల పల్లెల్లో చెప్పాను. అక్టోబరులో ఆ ఏర్పాటును నిలిపివేశారు. ఉన్నది కొద్ది వారాలే అయినా, ఇరవై ఏళ్ల ఉద్యోగంలో నేర్చుకోనిది ఒకటి ఆ అరుగు మీద నేర్చుకున్నాను.

పిల్లలు దూరదూరంగా కూర్చోవాలి కదా. అందుకని సుద్దముక్కతో అరుగు మీద సున్నాలు గీశాను. ఎడమవైపు మగపిల్లలకు, కుడివైపు ఆడపిల్లలకు. ఎప్పుడూ చేసే పనే కనుక ఆలోచించి చేసిందేమీ కాదు. తొమ్మిదో తరగతి చదివే ఒక బిడ్డ మాత్రం ఆ రెండు వరసల మధ్య నిలబడిపోయింది. 'నీ చోటు అక్కడుంది గదా, పో' అన్నాను. పోయి కూర్చుంది. రెండో రోజు స్తంభానికి ఆనుకుని, ఏ సున్నాలోనూ కాకుండా కూర్చుంది. నేను అందరి ముందూ గట్టిగానే అన్నాను. మూడో రోజు నుంచి రాలేదు.

శ్రోతలారా, తాను ఆడ అనో మగ అనో మనసులో కుదురుకోని వాళ్లు, ఆ రెండింటిలో ఏదో ఒక పేరు పెట్టుకోవడానికి ఒప్పుకోని వాళ్లు కొందరుంటారు. ఇంగ్లీషువారు వీరిని నాన్-బైనరీ అంటున్నారు. మాట కొత్తది. మనుషులు కొత్తవాళ్లు కారు. మహమ్మారి రోజుల్లో వీరి మనసులకు ఏమైంది, ఆ గాయం వెనుక ఎంత పాత చరిత్ర ఉంది అన్నదే ఈనాటి నా ప్రసంగం.

ముందు మన భాషల సంగతి చెబుతాను. నేను రెండు భాషల మధ్య బతికే మనిషిని. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు. మన కైవారం తాతయ్య రెండు భాషల్లోనూ తత్వాలు చెప్పిన సీమ ఇది. కన్నడంలో 'అవను బందను, అవళు బందళు, అదు బందితు' అంటాం. మగ, ఆడ, ఈ రెండూ కానిది, మూడింటికీ మూడు క్రియారూపాలు. తెలుగులో అట్లా కాదు. 'అతను వచ్చాడు' అంటాం. ఆమె అయినా అది అయినా 'వచ్చింది'. మన వ్యాకరణవేత్తలు దీన్ని మహత్తు, అమహత్తు అని విడదీశారు. ఏకవచనంలో ఆడదాన్ని తీసుకుపోయి ఆవు దూడల పక్కన నిలబెట్టారని మా ఆడపిల్లలు నన్ను నిలదీస్తుంటారు. వాళ్లు అడిగేది న్యాయమే. అయితే బహువచనానికి వచ్చేసరికి 'వారు వచ్చారు' అంటే చాలు, ఎవరో అడగనక్కరలేదు. 'నేను వచ్చాను' అన్నప్పుడు కూడా చెప్పేవారు ఆడో మగో క్రియ చెప్పదు. ఈ సంగతిని నేను ఎన్నోసార్లు పాఠంగా చెప్పాను. దాని అవసరం ఎవరికుంటుందో మాత్రం తోచలేదు.

పాత పుస్తకాల్లో వీరికి పేర్లున్నాయి. కామసూత్రాల్లో వాత్స్యాయనుడు 'తృతీయా ప్రకృతి' అన్నాడు. విరాటపర్వంలో అర్జునుడు బృహన్నలగా ఏడాదిపాటు ఉత్తరకు నాట్యం నేర్పాడు. తిక్కనగారి తెలుగులో 'పేడి' అన్న మాట కనిపిస్తుంది. శిఖండి కథ సరే సరి. ఉత్తర కర్ణాటకలో సవదత్తి ఎల్లమ్మ భక్తుల్లో జోగప్పలు, జోగతులు ఉన్నారు. అయితే ఈ పేర్లు చూపించి మన పూర్వులు వీరిని నెత్తిన పెట్టుకున్నారని చెప్పడానికి నాకు మనసొప్పదు. దేవుడి పేర జోగు ఎత్తినంత కాలం దండం పెట్టి, ఇంట్లో పుట్టిన బిడ్డ అట్లా ఉంటే తలుపు మూసిన ఇళ్లు ఎన్నో. శుక్రవారంనాడు మన అమ్మాజాన్ బావాజాన్ దర్గా దగ్గర హిజ్రాల చేత దీవెన పుచ్చుకున్న చెయ్యే, బస్సులో వాళ్లు పక్కన కూర్చుంటే ముడుచుకుంటుంది.

తెల్లవారి పాలనలో ఈ చిన్నచూపుకు చట్టం తోడైంది. 1871లో నేరస్థ జాతుల చట్టం వచ్చింది. అందులో రెండో భాగం మొత్తం వీరి గురించే. ఉత్తర భారతంలో హిజ్రాల పేర్లు పోలీసు రిజిస్టరులో రాయాలన్నారు. ఆడ దుస్తులు వేసుకుని వీధిలో కనిపించినా, పాడినా ఆడినా శిక్ష. మన తెలుగు సీమకు వస్తే నిజాం రాజ్యంలో 1329 ఫసలీలో, అంటే 1919 ప్రాంతంలో, ఇదే అచ్చులో ఒక చట్టం చేశారు. వారంటు లేకుండానే పట్టుకోవచ్చు, రెండేళ్ల వరకూ జైలు. నిజాం పోయాడు, హైదరాబాదు రాష్ట్రం పోయింది, ఆంధ్రప్రదేశ్ వచ్చి రెండయింది. ఆ చట్టం మాత్రం పేరు మార్చుకుంటూ 2023 దాకా పుస్తకంలోనే నిలిచి ఉండింది. మనమేమీ తక్కువ తినలేదు. 2011లో కర్ణాటక పోలీసు చట్టంలో 36-ఎ అనే సెక్షను చేర్చి, మళ్లీ అదే రిజిస్టరు మాట ఎత్తారు. కోర్టుకెక్కిన తరువాత అందులోని ఆ మాటను తీసి 'వ్యక్తులు' అని దిద్దారు.

అదే 2011 జనాభా లెక్కల్లో మొదటిసారిగా ఆడ, మగ గళ్ల పక్కన 'ఇతరులు' అని మూడో గడి పెట్టారు. దేశం మొత్తంలో 4 లక్షల 87 వేల పైచిలుకు మంది ఆ గడిలో తేలారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769, కర్ణాటకలో 20,266. ఇంటికి వచ్చిన ఎన్యూమరేటరుకు ఇంటి పెద్ద చెప్పింది లెక్క. నేనూ ఆ పని చేసినవాణ్నే. 'మీ పిల్లలెంతమంది, ఆడెంత, మగెంత' అని గడప దగ్గరే నిలబడి అడిగాను. మూడో గడి ఉందని ఏ ఇంట్లోనూ నేనుగా చెప్పలేదు. కాబట్టి ఆ అంకెలు ఎంత తక్కువో ఊహించుకోవచ్చు.

2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నాల్సా కేసులో తీర్పు చెప్పింది. తాను ఆడ, మగ, తృతీయ లింగం అని చెప్పుకునే హక్కు ఆ మనిషిదేనన్నది. 2019లో పార్లమెంటు చేసిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల చట్టం 2020 జనవరి 10న అమలులోకి వచ్చింది. దాని నిర్వచనంలో హిజ్రా, కిన్నర్, జోగ్తా అన్న పేర్లతో పాటు, ఆడ మగ అనే చట్రంలో ఇమడని వారిని కూడా చేర్చారు. ధ్రువపత్రం కోసం జిల్లా మేజిస్ట్రేటుకు దరఖాస్తు చేయాలి. నియమాలు సెప్టెంబరులో గాని వెలువడలేదు. ఈలోగా మార్చి 24 రాత్రి దేశమంతటా లాక్‌డౌన్ ప్రకటించారు.

ఆ మార్చి నెలలోనే హైదరాబాదు అమీర్‌పేట మెట్రో స్టేషను ప్రాంతంలో కొన్ని పోస్టర్లు వెలిశాయి. హిజ్రాలను దుకాణాల దగ్గరికి రానివ్వవద్దు, వాళ్లతో మాట్లాడితే కరోనా వస్తుంది అన్నది వాటి సారాంశం. వైజయంతి వసంత మొగ్లి వంటి హక్కుల కార్యకర్తలు దీన్ని పోలీసుల దృష్టికి తెచ్చారు. జబ్బు ఎట్లా వస్తుందో డాక్టర్లకే ఇంకా సరిగా అంతుపట్టని రోజులవి. ఎవరి వల్ల వస్తుందో మాత్రం గోడ మీద రాసిన వాళ్లకు తెలిసిపోయింది!

బతుకు తెరువు ఒక్కరోజులో తెగిపోయింది. పెళ్లి ఇంటి దీవెనలు లేవు, రైళ్లు లేవు, సంతలు లేవు. హిజ్రాలు కలిసి ఉండే ఇళ్లలో చిన్న గదిలో ఆరేడుగురు. దూరం పాటించండి అంటే ఎక్కడ పాటిస్తారు? రేషను కార్డులో పుట్టింటివారు పెట్టిన పేరు, పాత లింగం. మనిషి ఉండేది మరో ఊళ్లో. కేంద్ర సామాజిక న్యాయ శాఖ 1,500 రూపాయల చొప్పున సాయం ప్రకటించింది. రెండో విడత కరోనా వచ్చినప్పుడు 2021 మే నెలలో మళ్లీ అదే మొత్తం. బ్యాంకు ఖాతా, ఆధారు సరిగా ఉన్నవారికి అందింది. తెలంగాణ హైకోర్టులో రేషను, మందులు, టీకా కోసం ప్రజాహిత వ్యాజ్యం నడిచింది. మణిపూరు ప్రభుత్వం వీరి కోసం 2020లో ప్రత్యేక క్వారంటైన్ కేంద్రాలు తెరిచింది. చిన్న రాష్ట్రం, కాని ఆడ వార్డా మగ వార్డా అన్న ప్రశ్నకు అందరికంటే ముందు జవాబు వెతికింది.

ఈ ప్రశ్న మనకొక్కరికే వచ్చింది కాదు. 2020 ఏప్రిల్ ఒకటిన పనామా దేశంలో ఒక నియమం పెట్టారు. సోమ, బుధ, శుక్రవారాలు ఆడవాళ్లు, మంగళ, గురు, శనివారాలు మగవాళ్లు బజారుకు పోవచ్చు. ఆదివారం అందరూ ఇంట్లోనే. ఒక రోజు తేడాతో పెరూ దేశం కూడా అట్లాంటి నియమమే ప్రకటించి, వారం తిరిగేసరికి ఎత్తేసింది. ఆ రెండూ కానివాళ్లు ఏ రోజు ఉప్పు కొనుక్కోవాలి? కార్డు చూస్తే ఒకటి, మనిషిని చూస్తే మరొకటి. పోలీసువాడు ఆపితే ఏ రోజైనా తప్పే. కొలంబియాలోని బొగోటా నగరంలో మాత్రం ఎవరు తమను ఏమనుకుంటే ఆ రోజు పోవచ్చన్నారు. ఈ వార్త పత్రికలో చదివినప్పుడు ఎంత వింత దేశమో అనుకున్నాను. నా అరుగు మీద నేను గీసిన సున్నాలు ఆ నియమానికి అచ్చు నకలని నాకు తట్టలేదు.

ఇప్పుడు మనసు సంగతికి వస్తాను. లాక్‌డౌన్ రోజుల్లో మనలో చాలామందికి నిద్ర పోయింది, బెంగ పట్టుకుంది. అది అందరికీ ఉన్నదే. వీరికి దాని మీద మరొకటి తోడైంది. చదువు కోసమో పని కోసమో బెంగళూరు పోయి, అక్కడ తమకు నచ్చిన పేరుతో, నచ్చిన జుట్టుతో తిరుగుతున్న వాళ్లు ఒక్కసారిగా పల్లెకు, పుట్టింటికి తిరిగి వచ్చారు. జుట్టు కత్తిరించమనేవాళ్లు కొందరు, పెంచుకోమనేవాళ్లు కొందరు. రోజంతా ఒకే కప్పు కింద, తలుపు గడియ లేని ఇంట్లో, ఫోనులో నాలుగు మాటలు మాట్లాడుకునే మరుగు కూడా లేదు. హార్మోను మందులు వాడేవారికి అవి దొరకలేదు. ఆపరేషన్లు వాయిదా పడ్డాయి. హిజ్రా ఇళ్లలో ఉన్నవారికి ఆకలి ఉన్నా పక్కన తమలాంటి మనిషి ఉన్నారు, గురువు ఉన్నారు. ఏ ఇంటికీ చెందక, ఏ పేరూ బయటపెట్టక, తల్లిదండ్రుల దగ్గరే ఉన్న ఈ రెండూ కానివాళ్లకు అది కూడా లేదు. సాయం చేసే సంఘాల జాబితాలోకీ వాళ్లు రాలేదు. కనిపించినవాళ్లకు బియ్యం మూటైనా అందింది. కనిపించనివాళ్ల ఒంటరితనాన్ని లెక్కపెట్టినవారు అరుదు.

అట్లా ఉండటమే ఒక పిచ్చి కదా అని అడిగేవాళ్లున్నారు. ఆ ప్రశ్నకు కూడా చరిత్ర ఉంది. చాలాకాలం వైద్య గ్రంథాలు ఈ స్వభావాన్ని మానసిక రోగాల పట్టికలోనే రాశాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన పదకొండో రోగ వర్గీకరణలో దీన్ని ఆ అధ్యాయం నుంచి తీసివేసింది. దాన్ని 2019 మేలో ఆమోదించారు, 2022 జనవరి 1 నుంచి అమలు. అంటే కరోనా నడుమనే ఆ మార్పు జరిగిందన్నమాట. మరి వీరిలో దిగులు, ఆత్మహత్య తలంపులు ఎక్కువ ఉంటాయంటారే, ఎందువల్ల? అమెరికా పరిశోధకుడు ఇలాన్ మేయర్ 2003లో దీనికొక వివరణ చెప్పాడు. అల్పసంఖ్యాకుడైన మనిషి రోజూ మోసే బరువు అది: ఎగతాళి, ఎప్పుడు ఎవరు ఏమంటారో అన్న భయం, దాచుకోవడం, చివరకు తన మీద తనకే అసహ్యం. స్వభావం వల్ల వచ్చే రోగం కాదు, చుట్టూ ఉన్నవాళ్లు పెట్టే బరువు వల్ల వచ్చే రోగం. బావినీళ్లు మోసే మనిషికి భుజం కాయ కాస్తే, తప్పు భుజానిదా?

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం లింగం, లైంగిక స్వభావం చూసి వైద్యంలో వివక్ష చూపరాదన్నది. చట్టం ఉన్నా, మార్చేస్తాం, సరిచేస్తాం అనే వైద్యాలు ఆగలేదు. 2021 జూన్ 7న మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి ఎన్. ఆనంద్ వెంకటేశ్ ఇటువంటి వైద్యాలను నిషేధించాలని ఆదేశించారు. ఇంటినుంచి వచ్చేసిన ఇద్దరు యువతుల కేసు అది. నన్ను ఆకట్టుకున్నది తీర్పు కంటే అంతకు ముందు ఆయన చేసిన పని. ఈ విషయం తనకు సరిగా తెలియదని ఒప్పుకుని, తీర్పు రాసేముందు తానే ఒక మనస్తత్వ నిపుణురాలి దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. ఆ తీర్పు దరిమిలా 2022లో జాతీయ వైద్య కమిషన్ అటువంటి వైద్యాన్ని వృత్తి దుష్ప్రవర్తనగా ప్రకటించింది. హైకోర్టు జడ్జీ నాకు తెలియదన్నాడు. తొమ్మిదో తరగతి మాస్టరు మాత్రం అంతా తెలుసుననుకున్నాడు.

ఆ బిడ్డ రాకపోయిన పది రోజులకు అవ్వ వచ్చింది. అరుగు కింద నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, 'సార్, బిడ్డ అన్నం తినేది లేదు. రేయంతా మేలుకోనుంటాది. పలకరిస్తే గోడపక్కకు తిరుక్కుంటాది. దర్గాకు పిలుచుకొని పోయి తాయెత్తు కట్టించినాం, ఏం వాసి కాలేదు. బడికి పో అంటే, ఆడ నాకు చోటు లేదవ్వా అంటాది. చోటు లేకుండా ఎట్ల పోతాది సార్, అంత పెద్ద గుడి గదా?' అంది.

నేను ఆమెకు జవాబు చెప్పలేదు. దర్గాకు పోయినందుకు తప్పు పట్టలేదు కూడా. జూన్ 8న ప్రార్థన స్థలాలు తెరిచినప్పుడు మనసు బాగాలేనివారిని తీసుకుని ఎంత దూరం నుంచి ఇక్కడికి వచ్చారో చూశాను. ఆసుపత్రి తలుపు కంటే ఆ తలుపు వారికి దగ్గర. బెంగళూరు నిమ్హాన్స్ మనకు బస్సు దూరంలోనే ఉంది, కాని బస్సులు సరిగా లేవు. అదే ఏడాది మార్చి ఆఖరులో నిమ్హాన్స్ వారు మానసిక సహాయానికి ఫోను నంబరు ఒకటి తెరిచి ఉన్నారు. ఆ సాయంత్రం నా ఫోనులోనే ఆ నంబరు కలిపి బిడ్డ చేతికిచ్చి, నేనూ అవ్వా పశువుల పాక దాకా నడిచి వచ్చాం. ఎంతసేపు మాట్లాడిందో, ఏం మాట్లాడిందో అడగలేదు. తరువాత తాలూకా ఆసుపత్రి డాక్టరును చూపించారు, కొన్నాళ్లు మందులు వాడారు. తాయెత్తూ ఉంది, మందూ ఉంది. తగ్గడానికి నెలలు పట్టింది.

మరుసటి ఉదయం అరుగు కడిగించి సున్నాలు మళ్లీ గీశాను. ఈసారి కుడీ ఎడమా లేకుండా, చుక్కల ముగ్గు మాదిరి. వచ్చినవాళ్లు వచ్చినట్టు కూర్చోండన్నాను. మగపిల్లలు ఓ మూలకు, ఆడపిల్లలు ఓ మూలకు వాళ్లే సర్దుకున్నారు. అలవాటు అంత తొందరగా పోతుందా? స్తంభం దగ్గరి సున్నా నాలుగు రోజులు ఖాళీగా ఉంది. అయిదో రోజు నిండింది.

ఈ కాలంలోనే బయట కొన్ని మంచి పనులు జరిగాయి. 2021 జూలైలో కర్ణాటక ప్రభుత్వం ఉద్యోగాల్లో ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు ఒక శాతం రిజర్వేషను ఇచ్చింది. దేశంలో మనదే మొదటి రాష్ట్రం. ఆ నవంబరులో బళ్లారి సీమ నుంచి వచ్చిన జోగతి నృత్య కళాకారిణి మంజమ్మ జోగతి రాష్ట్రపతి భవన్‌లో పద్మశ్రీ అందుకుంటూ, చీర చెంగుతో రాష్ట్రపతికి దిష్టి తీశారు. ఊరూరా ఆ దృశ్యం ఫోన్లలో తిరిగింది. మా ఊళ్లో అవ్వలు కూడా చూసి, 'అది పద్ధతి' అన్నారు. 2023 జూలై 6న తెలంగాణ హైకోర్టు 1329 ఫసలీ నాటి ఆ చట్టాన్ని కొట్టివేసింది. పుట్టిన నూరేళ్లు దాటాక పోయింది ఆ ముసలి చట్టం. 2022 నవంబరులో మన రాష్ట్రంలో ఉపాధ్యాయుల ఎంపిక జాబితాలో ముగ్గురు ట్రాన్స్‌జెండర్ అభ్యర్థుల పేర్లు వచ్చాయి. బి.ఎడ్. చదివిన నాకు ఆ వార్త అన్నిటికంటే దగ్గరగా తోచింది. ఆ టీచర్లు పిల్లల్ని ఎట్లా కూర్చోబెడతారో ఒకసారి పోయి చూడాలని ఉంది.

2022 అక్టోబరు 10 నుంచి టెలి మానస్ అనే సేవ నడుస్తోంది. నంబరు 14416. డబ్బు కట్టనక్కరలేదు, కన్నడంలోనూ తెలుగులోనూ మాట్లాడవచ్చు. మీ ఇంట్లో గోడవైపు తిరిగి పడుకున్న బిడ్డ ఉంటే ఈ నంబరు రాసి పెట్టుకోండి. ఫోను చేతికిచ్చి కాసేపు పాక దాకా నడిచి రండి.

ఆ బిడ్డ 2022లో ఎస్.ఎస్.ఎల్.సి. పాసైంది. పరీక్షకు ముందు 'నా గ్రామం' అని నా దగ్గర ఒక వ్యాసం రాసింది. తెలుగులోనే రాస్తానని అడిగి రాసింది. రెండున్నర పేజీలు. దర్గా ఉరుసు, ముక్తీశ్వరుడి గుడి, అవ్వ తోట, టమాటా ధర పడిపోయిన సంగతి, అన్నీ ఉన్నాయి. 'నేను పోయాను, నేను చూశాను, మేము వచ్చాము' అని నడిచింది వ్యాసమంతా. ఎక్కడా తప్పు దొరకలేదు. పదికి తొమ్మిది వేశాను. ఆ ఒక్క మార్కు ఎందుకు తగ్గించారని వచ్చి పోట్లాడింది.